నైలాన్ తాడుకి వేలాడిన సేఫ్టీ ఆఫీసరు

మొన్న ఆదివారం పొద్దున్న నేను మా చోడవరం ఇంటి ముందు గాల్లో వేలాడేను. వీడియో మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది, నవ్వేసే ఉంటారు. సరే, అసలేం జరిగిందో ఇప్పుడు నా నోటితో వినండి.

నేను విశాఖలో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. ఎత్తు మీద పనిచేసేవాళ్ళు పడిపోకుండా ఎలా ఉండాలో క్లాసులు చెప్పడం నా ఉద్యోగం. హెల్మెట్ లేకుండా నిచ్చెనెక్కినవాణ్ణి గేటు బయటికి పంపిన ఘనత నాది. అందుకే అటు ఫ్యాక్టరీలోనూ ఇటు మా వీధిలోనూ నేనంటే ఓ గౌరవం ఉండేది.

మా కిటికీ పైన సన్‌షేడ్ మీద ఆకులు పేరుకుపోయి, వాన నీళ్ళు ఇంట్లోకి కారుతున్నాయి. "ఎవరినైనా పిలవండి" అంది మా ఆవిడ ప్రమీల. సేఫ్టీ ఆఫీసరింటికి ఇంకొకడు రావడమేమిటని, బజారుకెళ్ళి నీలం రంగు నైలాన్ తాడు తెచ్చేను. కొసలు విడిపోకుండా కొవ్వొత్తి మంటకి కరిగించేను కూడా. ఈ సంబరమంతా మా మావగారు అరుగు మీంచి చూస్తున్నారు. ఆయనది బుచ్చయ్యపేట దగ్గర చెరకు వ్యవసాయం. జీవితమంతా తాళ్ళతోనే గడిచింది.

"బాబూ, నైలాను సాగుతాది. ముడి జారుతాది. పైగా మూడు పేటలు పేనిన తాడు. బరువు యేలాడితే పురి యిప్పుకుంటాది. గొడ్డుకి కట్టడానికైతే బాగుంటాది గానీ..."

"మావయ్యగారూ, దీని స్ట్రెంత్ మీకు తెలీదు. జీపుని కట్టి లాగినా తెగదు" అన్నాను.

నిజంగానే తెగలేదు. గొడవంతా అదే.

ముడి జారకుండా ఏడు ముడులేసేను. మేడ మీద దూరంగా ఉన్న పిల్లర్ ఊచలకి ఓ కొస, నా చంకల కింద ఇంకో కొస. సన్‌షేడ్ మీదకి దిగి రెండు గుప్పెళ్ళ ఆకులు తీసేనో లేదో, పాచి మీద కాలు జారింది.

తాడు పట్టుకుంది. పట్టుకుని రబ్బరులా సాగి, నన్ను నేలకి మూరెడు ఎత్తులో ఆపి, రెండుసార్లు పైకీ కిందకీ ఊపింది. బతికేన్రా బాబూ అనుకున్నాను. అప్పుడు పురి విప్పుకోవడం మొదలైంది. దాంతోపాటు నేను తిరగడం మొదలెట్టేను.

ఓసారి గోడ, ఓసారి వీధి. వీధి వచ్చినప్పుడల్లా జనం పెరుగుతున్నారు. ఎదురింటి పిన్నిగారు ఫోన్ పట్టుకుని నించున్నారు. రావికమతం వెళ్ళే షేర్ ఆటో కూడా ఆగిపోయింది. అందులోంచి ఒకాయన, "ఏటి సార్, ట్రైనింగా?" అన్నాడు. "అవు..." అనేలోపు గోడ వచ్చేసింది. మళ్ళీ వీధి వచ్చేక "...ను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయేననుకోండి.

ఆ ఏడు ముడులూ నా బరువుకి బిగుసుకుని రాళ్ళయిపోయేయి. "కత్తి తెచ్చి కోసెయ్యండి మావయ్యగారూ" అని అరిచేను. ఆయన తీరిగ్గా వచ్చి, తాడుని వేళ్ళతో నలిపి చూసేరు.

"కొత్త తాడు బాబూ. కొయ్యడమేటి? మా పెయ్యకి పనికొస్తాది."

ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నా కాళ్ళ కింద పెట్టేరు. అంతే, నించున్నాను. అరగంట సేపు మేకు దూర్చి ఒక్కో ముడీ విప్పి, తాడు చుట్ట చుట్టుకుని ఊరెళ్ళిపోయేరు.

వీధిలో పరువు ఎలాగూ పోయింది. ఫ్యాక్టరీలోనైనా దక్కించుకోవాలి కదా. మర్నాడే నా క్లాసు. వీడియో వాళ్ళకి చేరేలోపు నేనే చూపించేస్తే పోలా అని బుర్ర వాడేను. ముఖం కనపడకుండా మసక చేసి, "ఎవరో తెలివితక్కువ మనిషి, సేఫ్టీ బెల్టు లేకుండా ఎక్కేడు, చూడండి" అని పెద్ద తెర మీద వేసేను. నలభై మందీ నోరు తెరుచుకుని చూస్తున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయేను.

సౌండు తియ్యడం మాత్రం మర్చిపోయేను. వీడియోలో మా ఇంటి కిటికీలోంచి మా ఆవిడ గొంతు హాలంతా ఖంగుమంది.

"ఏవండీ సేఫ్టీ ఆఫీసరుగారూ, ఈసారి ఇటు తిరిగినప్పుడు ఈ కిటికీ బూజు కూడా దులిపెయ్యండి."