చేపల కొట్లకు దోవ చూపే చెయ్యి

పొద్దున పుట్టిన రోత ఇంకా పోలేదు, అందుకే చెప్తా వుండాను.

మా ఊళ్ళో కొత్తగా కట్టిన మార్కెట్టులో ఏ కొట్లు ఎటో తెలిసేట్టు బోర్డులు రాసే పని నాది. చదువు రానోళ్ళకు కూడా తెలియాలని బట్టలకు చీర, కూరగాయలకు వంకాయ, చేపలకు చేప బొమ్మ వేసి, పక్కన దోవ చూపే చెయ్యి గీసినాను. చేపల కొట్లకు దగ్గరి దోవ ముందు గేటులోంచి, బట్టల కొట్ల వరండా మీదుగా. అందుకే చేప పక్కన చెయ్యి అటే చూపించినాను.

మార్కెట్టు కమిటీ ప్రెసిడెంటు ఆ బోర్డు చూసి ముక్కు మూసుకున్నాడు. అక్కడ వుండేది పెయింటు వాసన ఒక్కటే! మూడు రాళ్ళ ఉంగరం పెట్టుకున్న వేలు ఆడిస్తా, "ఆ చెయ్యి చెరిపెయ్. చేపలోళ్ళు వెనక సందులోంచే రావాల" అన్నాడు. వెనక సందు నిండా మురుగు.

అంతలో కాలవ దగ్గర పడవ దిగి, నెత్తిన చేపల గంపతో పోలమ్మక్క వచ్చింది. ఆమెను చూసి అదే నోటితో, "మంచి వంజరం చేప వుంటే మా ఇంటికి తీసుకురా" అన్నాడు.

"మీ ఇంటికి ఎట్టా రావాలయ్యా, మురుగులోంచా?" అనిందామె.

ఆయన ఉంగరం వేలితో మళ్ళీ వెనక సందే చూపించి వెళ్ళిపోయినాడు.

ఆయన చెప్పినట్టే చెయ్యి చెరిపి, వెనక సందు వైపు తిప్పి గీసినాను. కాకపోతే ఆ వేలికి మూడు రాళ్ళ ఉంగరం కూడా వేసినాను.

రేపు మార్కెట్టుకు పోయేవాళ్ళు చూసొచ్చి, ఆ చెయ్యి ఎవరిదో మీరే చెప్పండి.