బాతులు ఈకలు రాల్చిన వానాకాలం

నిన్న రాయపూర్ శివార్లలో మందిర్ హసౌద్ దగ్గర రోడ్డు పక్కన ఒకావిడ బుట్టలో బాతు గుడ్లు పెట్టుకుని కూర్చుంటే స్కూటర్ ఆపాను. కొనాలని కాదు. ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని చెంపకి ఆనించి చూశాను. చల్లగా ఉంది. మళ్ళీ బుట్టలో పెట్టేశాను. ఆవిడ నన్ను అదోలా చూసింది, చూడదా మరి.

చదువుకునే రోజుల్లో నేను రాయపూర్‌లో మా పిన్నీ బాబాయిల రైల్వే క్వార్టర్లో ఉండేదాన్ని. పిల్లల్లేని ఆ ఇంట్లో పెరటి నిండా బాతులే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఎన్నేళ్ళయినా పిన్ని భాష మారలేదు గానీ, బాతుల్ని మాత్రం హిందీలోనే తిట్టేది. "రాయపూర్ బాతులకి మన బాస ఏటి తెలుస్తాది?" అనేది. బాబాయి తెలుగులోనే బతిమాలేవాడు, అవి ఆయన వెనకే తిరిగేవి, వాటిలో ఒక కుంటి బాతు మరీను. బాతు తెల్లారేలోపే గుడ్డు పెడుతుంది. పెట్టిందా, ఇక దాని సంగతే మరిచిపోతుంది. అందుకని ఎండెక్కేదాకా గూటి తలుపు తియ్యకూడదు, తొందరపడి తీస్తే ఏ మురుగుకాలవలోనో పెట్టేసి ఏమీ ఎరగనట్టు ఊగుకుంటూ వస్తుంది. ఆ తలుపు తీసే పని బాబాయిది. గడ్డిలోంచి వెచ్చటి గుడ్డు తీసుకొచ్చి నా చెంపకి ఆనించి నిద్ర లేపేవాడు. నేనేమో చిరాకుపడేదాన్ని.

ఒక ఏడు ఆయనకు కాలేయం పాడైంది. "ఏం తినాలనిపిస్తే అది పెట్టండి" అని డాక్టరు ఇంటికి పంపేశాడు. ఆ మాటకి అర్థం మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. బాబాయి అడిగింది ఒక్కటే, బాతు గుడ్డు పులుసు. సరిగ్గా అప్పుడే వానలు పట్టుకుని బాతులు ఈకలు రాల్చడం మొదలుపెట్టాయి. ఈకలు రాల్చే బాతు గుడ్డు పెట్టదు, ఒంట్లో సత్తువంతా కొత్త ఈకలకే పోతుంది. పిన్ని వాటికి చేపముక్కలు వేసింది, నానబెట్టిన గోధుమలు పెట్టింది, దండం పెట్టింది, తిట్టింది. బయట కొందామంటే అడిగిన చోటల్లా అదే కథ.

చివరికి కోడిగుడ్లే తెచ్చి, చిన్నవని తెలియకుండా ముక్కలు కోసి పులుసు పెట్టింది. "బాతెట్టిందనే సెప్పు" అని నాకు గట్టిగా చెప్పింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పెరడంతా తెల్లటి ఈకలే, ఒకటి కిటికీలోంచి ఎగిరొచ్చి బాబాయి దుప్పటి మీదే పడి ఉంది. పిన్ని కంచంతో వస్తున్న అలికిడి విని ఆయన దాన్ని తలగడ కిందికి తోసేశాడు. నేను చూశాను. రెండు ముద్దలు తిని, "బాతు గుడ్డు రుసే వేరు. ఏదెట్టినాదే, కుంటిదేనా?" అన్నాడు. "ఆఁ, కుంటిదే" అంది పిన్ని మొహం తిప్పుకుని. నాకు ఏడుపాగక పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ వారంలోనే బాబాయి పోయాడు. ఆయన పక్కబట్టలు ఉతకడానికి తీస్తుంటే తలగడ కింద ఈక కనిపించింది. పిన్ని దాన్ని పట్టుకుని అక్కడే కూలబడింది. "తెలిసే తిన్నాడే మనిసి" అని గుండెలవిసేలా ఏడ్చింది.

పెద్దకర్మ అయ్యి, వచ్చిన చుట్టాలు రైలెక్కి వెళ్ళిపోయిన కొన్ని వారాలకి, ఒక పొద్దున్న నేనూ పిన్నీ గూటి తలుపు తీస్తే గడ్డిలో గుడ్డు ఉంది. నిజంగానే కుంటి బాతుదే. ఒంటి నిండా కొత్త ఈకలతో అది పక్కనే నిలబడి ఉంది. పిన్ని ఆ గుడ్డు తీసుకుని, మొదటిసారి ఆ బాతుతో తెలుగులో మాట్లాడింది.

"ఇప్పుడెట్టినావేటే? ఎవులికెట్టినావే?"

బాతుకి కొత్త ఈకలు రావడానికి మహా అయితే ఓ రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత కాలం నాకు ఎన్నేళ్ళిచ్చిందో, వాటిలో ఎన్ని నెలలు ఊరికే పారబోసుకున్నానో. బాబాయికి కావలసింది ఆ రెండు నెలలే.