తడి గోనెసంచి పలికిన సాక్ష్యం

మా ల్యాబ్ సార్ పోయిన కబురు సోమవారం పొద్దున బాగేపల్లి నుంచి ఫోన్‌లో వచ్చింది. చేసింది ఆయన తమ్ముడు. "అన్న పోయినాడమ్మా, నిద్దరలోనే" అన్నారు. అప్పుడు నేను యంత్రాన్ని సిద్ధం చేస్తున్నాను, ఇంకో పది నిమిషాల్లో ఎలక్ట్రాన్లు రావాలి. ఆపేద్దామని స్విచ్ దాకా పోయిన చెయ్యి ఆగిపోయింది. ఏం జరిగినా ముందు లాగ్ పుస్తకంలో రాయాలి, మిగతావన్నీ తర్వాతే అన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. రాశాను. ఆ తర్వాతే ఏడ్చాను.

ఆయనది బాగేపల్లిలో చెనక్కాయల, అదే వేరుశనగల, వ్యాపారం చేసే ఇల్లు. ఎక్కడెక్కడో ఎలక్ట్రాన్లను వేగంగా ఉరికించే పెద్ద పెద్ద యాక్సిలరేటర్ల దగ్గర పనిచేసి, రిటైరై ఊరికి వచ్చారు. వచ్చినవారు ఊరికే కూర్చోలేదు. చిక్కబళ్ళాపుర పక్కన ఒక కాలేజీవాళ్లు వాడకుండా వదిలేసిన వర్క్‌షాపు షెడ్డును అడిగి తీసుకున్నారు. రెండు మంచాలు పట్టేంత చోటులో యాక్సిలరేటర్ కడతానన్నారు. నవ్వినవాళ్లు నవ్వారు. వాళ్లకు కూడా గుప్పెడు వేయించిన చెనక్కాయలు పెట్టి పంపేవారు.

నేను సాదలిలో పట్టుపురుగులు సాకే ఇంటిదాన్ని. చింతామణిలో బీఎస్సీ చదివి, ఆ షెడ్డులో తాత్కాలిక ఉద్యోగానికి చేరాను. మొదటి రోజు నా బిక్కమొహం చూసి ఆయన ఇలా మొదలుపెట్టారు:

"ఎలక్ట్రాన్లు గుంపుగా పోతాయమ్మా. దాన్నే బంచ్ అంటారు. ముందుండేవి ఉరుకుతాండాయి, వెనకవి ఈడ్చుకుంటాండాయి. అట్ల వదిలితే గుంపు సాగిపోతాది. దాన్ని కురచ చేయల్ల. ఎట్ల చేస్తావు?"

నాకేం తెలుసు!

"బాగేపల్లిలో ముందు బయలుదేరిన ఎక్స్‌ప్రెస్ బస్సును చింతామణి మీద చుట్టించి పంపు. వెనక వచ్చే డొక్కు బస్సును హైవే మీద నేరుగా పంపు. రెండూ చిక్కబళ్ళాపుర బస్టాండులో ఒకేసారి దిగితే మన పని అయినట్లే."

ఆ చుట్టుదారి పట్టించే పని మా యంత్రంలో ఒక అయస్కాంతానిది. అంత కురచ గుంపు దేనికి సార్ అంటే, "అణువులు కదిలేది చూడల్లంటే, అవి కదిలేలోపల రెప్ప మూసి తెరవల్ల కదమ్మా. మనం కట్టేది ఆ రెప్ప" అన్నారు. సాయంత్రం బస్సులో సాదలి దాకా రెప్పలు ఆర్పుకుంటూ పోయాను, పక్కనామె కంట్లో నలుసు పడిందా అని అడిగింది.

మేం కోరిన గుంపు పొడవు తలవెంట్రుక మందం. టేపు పెట్టి కొలిచేది కాదు. గుంపును పలుచని అల్యూమినియం రేకు గుండా పంపితే కంటికి కనబడని కాంతి ఒకటి పుడుతుంది. దాన్ని గోడ రంధ్రంలోంచి పక్క గదిలోకి రప్పించి, రెండు పాయలుగా చీల్చి, అద్దాల మీద నుంచి మళ్లీ కలుపుతాం. ఒక అద్దాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ పోతే, రెండు పాయలూ సరిగ్గా కలిసిన చోట కంప్యూటర్ తెర మీద ఒక శిఖరం లేస్తుంది. శిఖరం ఎంత సన్నగా ఉంటే గుంపు అంత కురచ.

ఆయనకు లాగ్ పుస్తకం అంటే ప్రాణం. అందులో 'నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది' అని ఒక గడి గీయించారు. తలుపు ఎవరు తీశారు, కరెంటు ఎప్పుడు పోయింది, అన్నీ రాయాలి. "యంత్రం అబద్ధం చెప్పదమ్మా. మనమే సగం చెప్పి సగం మింగుతాం" అనేవారు.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మా పనికి డబ్బులిచ్చే కమిటీ బెంగళూరు నుంచి వస్తుందన్నారు. గుంపు కురచగా ఉందని నిరూపిస్తే సరి. లేకపోతే షెడ్డు మళ్లీ కాలేజీ సామాన్ల గది అవుతుంది, యంత్రం పెట్టెల్లోకి పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. సోమవారం తెర మీద సూదిలాంటి శిఖరం లేచింది. చప్పట్లు కొట్టుకున్నాం. మంగళవారం చూస్తే శిఖరం కుంగిపోయింది, దానికి అటూ ఇటూ చిన్న చిన్న అలలు. పెద్ద గుంపు వెంట చిల్లర గుంపులు తోక పట్టుకుని వస్తున్నాయేమో అనిపించింది. సార్, యంత్రం బిగించే మా ఫిట్టరు కలిసి అయస్కాంతం విప్పారు, తీగలన్నీ తడిమి చూశారు. సార్ జేబులో చెనక్కాయలు జేబులోనే ఉండిపోయాయి.

బుధవారం పొద్దున ఆయన పుస్తకం చేతబట్టుకుని పక్క గదిలోకి వచ్చారు.

"మంగళవారం గడి ఖాళీగా ఉండాది. ఏమీ మారలేదా అమ్మా?"

"లేదు సార్."

ఆయన చూపు కిటికీ మీద ఆగింది. "అదేంది?"

"గోనెసంచులు సార్. తడిపి కట్టినాను. ఎండకు గది కాగిపోతాంది, అద్దాలకు, పరికరానికి చల్లగా ఉంటాదని. మా పురుగుల గదికి ఎండాకాలం ఇట్లనే కడతాం."

"ఎప్పుడు కట్టినావు?"

"మంగళవారం పొద్దున."

"పుస్తకంలో యానికి రాయలేదు?"

"అది రాసేంత పనని తెలీలేదు సార్. మా ఇంట్లో ఎవరూ రాయరు."

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. మేం కొలిచే కాంతిని గాలిలోని తడి మింగేస్తుందట. అందుకే శిఖరం కుంగింది, అందుకే ఆ అలలు. సాదలి బస్సు ఎన్నింటికా అని అప్పుడే లెక్క వేసుకుంటున్నాను. ఆయన మాత్రం పకపకా నవ్వారు. "సంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా ఎతికినట్లుండాది మన కత!"

నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగి, లేచి నిలబడ్డారు.

"అమ్మా! గుంపు పొడుగ్గా ఉండుంటే దాని కాంతికి ఈ తడి అంటేదే కాదు! కురచ గుంపు కాంతినే తడి మింగేది. అంటే..." మాట పూర్తి చేయకుండానే ఆ వయసులో వరండాలోకి పరుగెత్తి ఫిట్టరును కేకేశారు. "ఏమప్పా! అయస్కాంతం బిగించు! మన గుంపు కురచే! సంచి చెప్తాండాది!"

సంచులు విప్పేశాం, కానీ మామూలు గాలిలోనూ కొంత తడి ఉంటుంది. ఇక మిగిలింది ఆ గాలిని ఎండబెట్టడం. పొడి గాలి సిలిండరు తెప్పించాలంటే వారం పడుతుంది. అప్పుడు నేను నోరు తెరిచాను. పట్టుపురుగులు కుబుసం విడిచే రోజుల్ని మేం జ్వరం అంటాం. ఆ రోజుల్లో పడక పొడిగా ఉండాలని సున్నం చల్లుతాం. "నీళ్లు తగలని రాతి సున్నమైతే తడిని ఇంకా బాగా పీలుస్తాది సార్" అన్నాను. ఫిట్టరు చిక్కబళ్ళాపుర సంతవీధి నుంచి గంపెడు తెచ్చాడు. అద్దాల బల్లకు పెట్టెలాంటి మూత చేసి, దుమ్ము లేవకుండా సున్నపు రాళ్లను బట్టలో చుట్టి లోపల పెట్టాం. గురువారం పొద్దున చూస్తే శిఖరం సోమవారం కంటే సన్నగా లేచింది. ముగ్గురం ఒకేసారి అరిచాం.

శుక్రవారం కమిటీలో పెద్దాయన గడ్డం గోక్కుంటూ, ఈ శిఖరాన్ని ఎలా నమ్మేది అన్నారు. సార్ నా వైపు తిరిగి "అమ్మా, సంచి కట్టు" అన్నారు. మూత తీసి, సంచి తడిపి కట్టాను. అలలు లేచాయి. విప్పి, మూత మూసి కాసేపు ఆగాం. అలలు అణిగాయి. పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంకోసారి కట్టమన్నారు. మొత్తం నాలుగుసార్లు కట్టాను. షెడ్డు నిలబడింది.

"ఇది పట్టింది ఈ అమ్మే" అని సార్ వాళ్లకు నన్ను చూపించారు. వాళ్లు పోయాక ఆయన దగ్గరికి పోయాను. "తప్పు చేసింది నేను కదా సార్" అన్నాను.

"తప్పే. పుస్తకంలో రాయనంతవరకూ తప్పు. రాసినాక అది కొలత" అన్నారు. జేబులోంచి చెనక్కాయలు తీసి నా చేతిలో పోశారు. ఆ గుప్పెడు నాకు బహుమానం. నా బతుకును నిలబెట్టిన మనిషి ఆయన. ఉన్నప్పుడు ఈ మాట ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర కొత్త పిల్లలకు పని నేర్పేది నేనే. సార్ పోయిన కబురు వచ్చిన సోమవారం వాళ్లు ఏం చేయాలో తెలీక నా మొహం చూస్తూ కూర్చున్నారు. నేను లేచి కిటికీ దగ్గరికి పోయాను. అప్పుడు సంచి కట్టిన మేకు అలాగే ఉంది. ఒక సంచి తడిపి కట్టి, బల్ల మీది మూత తీయించాను. తెర మీద శిఖరానికి అటూ ఇటూ అలలు లేచాయి. వాళ్లు ముందుకు వంగారు.

పుస్తకం తెరిచాను. 'ఏం మారింది' అన్న గడిలో పొద్దున రాసిన మాట ఉంది, 'సార్ పోయారు' అని. దాని కింద 'తడి సంచి కట్టాను' అని రాశాను.

సంచిని విప్పలేదు, ఎండకు దానంతట అదే ఆరనిచ్చాను. ఆరాక మూత మూశాం. అలలు ఒక్కొక్కటే అణిగిపోతూ వచ్చాయి. మధ్యాహ్నానికి తెర మీద సన్నని శిఖరం ఒక్కటే నిలబడి ఉంది.