వెనక నిలవని బోల్టు

1982 జూన్‌లో నన్ను వరంగల్‌లోని ఒక సాయుధ పోలీసు దళానికి ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌గా వేశారు. ఆర్మరర్ పని తుపాకులు కాల్చడం కాదు. అవి కాలవలసినప్పుడు కాలేలా, ఆగవలసినప్పుడు ఆగేలా చూడడం. ఆయుధాల గదిని మా శాఖలో ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అంటారు. ఆ పేరెందుకు వచ్చిందో అక్కడ ఎవరికీ తెలియదు. పూర్వం సైన్యంలో తుపాకులను గంట ఆకారపు గుడారాల్లో దాచేవారని హనుమకొండ గ్రంథాలయంలోని ఒక పాత నిఘంటువులో చూశాను. ఎవరూ అడగకపోయినా అందరికీ చెప్పాను. అప్పటినుంచి నా పేరు సదానందం పోయి ‘లైబ్రరీ అన్న’ అయింది.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మాది మగ్గాల ఇల్లు. నాన్న చేనేత నేశారు, తమ్ముడు రాజేశం మరమగ్గాలు పెట్టాడు. లోహాల గురించి, నూనెల గురించి, స్ప్రింగుల గురించి నాకు తెలిసినదంతా సెలవు రోజుల్లో ఆ గ్రంథాలయం బెంచీల మీద నేర్చుకున్నదే. ఇంగ్లిషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ని. ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం.

అప్పటికి మా దగ్గర పాత త్రీ నాట్ త్రీలతో పాటు నలభై సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు ఉండేవి. ఒక తూటా పేలగానే వచ్చే గ్యాసు, తూటాను వెనకనుంచి మూసి ఉంచే ఉక్కు దిమ్మెను, అంటే బోల్టును, వెనక్కి నెడుతుంది. ఖాళీ తొడుగు, అంటే మేము ‘ఖోకా’ అనేది, బయటికి ఎగిరిపోతుంది. బోల్టు ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను తోసుకొస్తుంది. తూటాలన్నీ అయిపోయినప్పుడు మ్యాగజైన్‌లోని పలక పూర్తిగా పైకొచ్చి, రైఫిల్ లోపలున్న చిన్న ఉక్కు ముక్కను పైకి లేపుతుంది. ఆ ముక్క అడ్డం పడి బోల్టును వెనకే ఆపేస్తుంది. మేము దాన్ని ‘అడ్డు’ అనేవాళ్లం. కాల్చేవాడికి అది గుర్తు. బోల్టు వెనక నిలిస్తే తూటాలు అయిపోయినట్టు, ముందుకు పోతే ఇంకా ఉన్నట్టు.

ఆ ఏడు దసరా అయిన మూడు వారాలకు వార్షిక ఫైరింగ్ జరిగింది. రేంజి హసన్‌పర్తి అవతల, రాతి గుట్టల మధ్య. మనిషికి పది తూటాలు ఇస్తారు, కాల్చాక పది ఖోకాలు తిరిగి అప్పజెప్పాలి. ఐలయ్య అనే కానిస్టేబుల్ వంతు ముగిశాక డ్రిల్ చూస్తున్న ఎస్సై వచ్చి రైఫిల్ చూశాడు. బోల్టు ముందుకు పోయి మూసుకుని ఉంది. తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు, మ్యాగజైన్‌లోనూ లేదు. ఖోకాలు ఏరితే తొమ్మిదే దొరికాయి.

మామూలుగా ఒక ఖోకా దొరక్కపోతే గడ్డిలోనో రాళ్ల సందులోనో పడిందని పంచనామా రాసి ఊరుకునేవారు. ఇక్కడ బోల్టు మూసి ఉండడం వల్ల ఎస్సై లెక్క వేరుగా తేలింది. పదో తూటా కాల్చి ఉంటే బోల్టు వెనక నిలవాలి. నిలవలేదు. అంటే ఐలయ్య తొమ్మిది కాల్చి, మ్యాగజైన్ విప్పి, పదోదాన్ని చేత్తో బయటికి లాగి ఎక్కడో దాచాడు. మ్యాగజైన్ లేనప్పుడు బోల్టు ఆగదు కాబట్టి మూసుకుంది. తర్వాత ఖాళీ మ్యాగజైన్ మళ్లీ పెట్టాడు. తొమ్మిది ఖోకాలు, మూసిన బోల్టు, రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఐలయ్య జేబులు, బూట్లు వెతికారు. ఏమీ దొరకలేదు. ఎవరికైనా అందించి ఉంటాడన్నారు. ఆ రోజుల్లో మా జిల్లాలో ఒక తూటా తగ్గిందంటే అది ఎవరి చేతికి పోయిందన్న ప్రశ్న వచ్చేది. జవాబు చెప్పలేనివాడి ఉద్యోగం పోయేది, ఒక్కోసారి జైలు కూడా. ఐలయ్యను ఆ సాయంత్రమే సస్పెండ్ చేశారు.

మర్నాడు రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, అంటే మా ఆర్.ఐ. గారు, ఆ రైఫిల్‌ను నా బల్ల మీదికి పంపి, పనితీరు మీద సర్టిఫికెట్ రాయమన్నారు. ఖాళీ మ్యాగజైన్ పెట్టి, బోల్టును కదిపే పక్క పిడిని వెనక్కి లాగాను. బోల్టు వెనక నిలిచింది. ఇరవై సార్లు లాగాను. ఇరవై సార్లూ నిలిచింది. ‘పరీక్షించాను. రైఫిల్ సక్రమంగా పనిచేస్తున్నది’ అని రాసి సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నం ఐలయ్య వచ్చి గది గుమ్మం అవతలే నిలబడ్డాడు. సస్పెండైనవాడు లోపలికి రాకూడదు. వర్ధన్నపేట దగ్గరి వ్యవసాయ కుటుంబం వాళ్లది. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క రిమార్కు లేదు.

“అన్నా, ఠీక్ ఉన్నదని రాసినవట?”

“ఉన్నదే రాసిన ఐలయ్యా. ఇరవై సార్లు చూసిన.”

“నేను పది కొట్టిన. నా భుజానికెరుక.”

“నీ భుజం సంతకం పెట్టదు గదా.”

“పదోది కొట్టినంక గూడ బోల్టు ముంగటికి వొయ్యింది. ఇంకోటి ఉన్నదేమో, నేనే లెక్క తప్పిననేమో అని మల్ల నొక్కిన. టక్కుమన్నది, అంతే. గప్పుడే ఎస్సై సారొచ్చి బోల్టు గుంజిండు.” వెళ్లబోతూ అన్నాడు. “గన్ని పుస్తకాలు చదువుతవు. ఒక్కదాంట్లనన్న నా అసొంటోని ముచ్చట లేదా?”

అతను వెళ్లిపోయాడు. అయితే ‘టక్కుమన్నది’ అన్న మాట నన్ను పట్టుకుంది. తూటా దాచినవాడు కథ అల్లితే పది కాల్చానంటాడు. తూటా లేని రైఫిల్‌లో లోపలి సుత్తి పడిన చప్పుడును అందులో చేర్చాలని అతనికి తట్టదు. ఇది సాక్ష్యం కాదు. నా సంతకం పక్కన ఒక చిన్న ప్రశ్న గుర్తు, అంతే.

ఆదివారం తమ్ముడి షెడ్డుకు వెళ్లాను. ఆరు మరమగ్గాలు నడుస్తున్నాయి. వాటిలో ఒకటి అతన్ని సతాయిస్తోంది. మగ్గంలో అడ్డంగా పడే పేక నూలు అయిపోగానే ఒక చిన్న ఊచ కదిలి మగ్గాన్ని ఆపాలి. ఆపకపోతే నూలు లేకుండానే, దాన్ని మోసే నాడె అటూ ఇటూ తిరిగి బట్టలో సందు పడుతుంది. రాజేశం కరెంటు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి నాకు చూపించాడు. పేక తీసేసి తిప్పితే మగ్గం ఆగింది.

“మంచిగనే ఆగుతుందిగదరా.”

“చేత్తోని తిప్పితె ఎప్పుడైన ఆగుతది అన్నా. కరెంటు మీద నడిస్తెనే ఆగుతలేదు. ఊచ కీలుల దూది పట్టింది. నిమ్మళంగ తిప్పితె దానికి లేవనీకె టైం దొరుకుతది. జోరుగ నడిస్తె అది లేచేదాంక నాడె ఆగుతదా?” నా మొహం చూసి నవ్వాడు. “ఏంది, ఇది మీ లైబ్రరీల లేదా?”

సోమవారం పొద్దున ఆర్.ఐ. గారి ముందు నిలబడి, నా సర్టిఫికెట్ సరిపోదని, రైఫిల్‌ను కాల్చి పరీక్షించడానికి ఇరవై తూటాలు కావాలని అడిగాను. ఆయన కాగితం తీసి నా సంతకం మీద వేలు పెట్టారు.

“ఇది ఎవలదయ్యా?”

“నాదే సార్.”

“మొన్న ఠీక్, ఇయ్యాల ఠీక్ లేదా? పైకి పంపినంక మాట మారిస్తె ఎవల నౌకరీకి దెబ్బ, జర సోంచాయించినవా?”

“నేను చేత్తో లాగి చూసిన సార్. కాల్చి చూడలే.”

ఆయన కాగితాన్ని మళ్లీ చదివారు. చివరికి ఇరవై తూటాలకు చీటీ రాసి, తానే రేంజికి వచ్చారు.

లోపం వెతకడంలో ఒక పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలి. అదే రైఫిల్, అదే మ్యాగజైన్, రెండేసి తూటాలు. మొదటిసారి రెండో తూటా తర్వాత బోల్టు వెనక నిలిచింది. ఆర్.ఐ. గారు నా వైపు చూశారు. రెండోసారి నిలవలేదు. మూడోసారీ నిలవలేదు. నాలుగోసారి నిలిచింది, ఐదోసారి మళ్లీ మూసుకుంది. మ్యాగజైన్ స్ప్రింగు బలహీనపడితే ఇలా జరుగుతుంది కాబట్టి కొత్త మ్యాగజైన్ పెట్టాను. మార్పు లేదు. గ్యాసు చాలక బోల్టు పూర్తిగా వెనక్కి పోకపోయినా ఇలాగే అవుతుంది. రెగ్యులేటర్ తిప్పి గ్యాసు పెంచాను. ఖోకాలు ఇంకా దూరం పడ్డాయి గానీ బోల్టు నిలవలేదు. పదహారు తూటాలు అయ్యేసరికి మిగిలింది ఒక్కటే, అడ్డు.

కానిస్టేబుళ్లు తమ రైఫిళ్లను విప్పి తుడుచుకుంటారు గానీ, ఆ ముక్కను విప్పే అధికారం ఆర్మరర్‌కే ఉంటుంది. అక్కడే జీపు బానెట్ మీద గుడ్డ పరిచి పిన్ను కొట్టి బయటికి తీశాను. దాని పక్కలకు, అది కదిలే గాడిలో, ఎర్రటి గోధుమరంగు జిగురు పట్టి ఉంది. గోటితో గీకితే మైనంలా వచ్చింది.

“తుప్పా?” అన్నారు ఆర్.ఐ. గారు.

అది తుప్పు కాదని చూడగానే తెలిసింది. అవునని ఉంటే సరిపోయేది. ఐలయ్య మీద దొంగతనం పోయి, రైఫిల్‌కు తడి తగలనిచ్చాడన్న చిన్న తప్పు మిగిలేది. నా మీద ఏమీ ఉండేది కాదు.

“కుంకుమ సార్,” అన్నాను. “నేను పెట్టిందే.”

దసరాకు ఆయుధ పూజ మా గదిలోనే జరుగుతుంది. రైఫిళ్లన్నిటికీ బొట్టు పెట్టే పని ఆర్మరర్‌ది. అంతకుముందు భుజానికి ఆన్చే మడమ చెక్క మీద పెట్టేవారట. చెక్కకు మరక పడి తనిఖీలో మాటొచ్చేది. మగ్గాల ఇళ్లలో బొట్టు మగ్గం చట్రానికి కాదు, కదిలే నాడెకు పెడతారు. పని చేసేదానికి పెట్టాలని మా నాన్న అనేవారు. నేనూ అలాగే పని చేసే చోట, కంటికి కనబడని చోట పెట్టాలనుకున్నాను. మ్యాగజైన్ తీసేసి, ఆ సందులోంచి వేలు పెట్టి, నలభై రైఫిళ్లకూ అడ్డు మీద బొట్టు పెట్టాను. నూనె పూసిన ఉక్కుకు నీళ్ల కుంకుమ అంటదని నువ్వుల నూనెలో కలిపాను. మర్నాడు పైపైన గుడ్డతో తుడిచాను. విప్పలేదు.

నువ్వుల నూనె పలచటి పొరగా గాలికి ఉంటే మెల్లగా చిక్కబడి జిగురవుతుంది. తుపాకులకు పూసే ఖనిజ నూనె అలా కాదు. ఇది నూనెలు, రంగుల గురించిన ఒక లావు పుస్తకంలో ఉంది. ఆ పేజీని నేను దసరాకు ముందే చదివాను. చదివి, నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

ఆర్.ఐ. గారు వేలికి అంటిన జిగురును రుద్ది చూశారు. “పదేండ్ల సంది పూజ చేస్తున్నం. దేవుడు ఎవల మీద ఏం కంప్లైంట్ చెయ్యలే. నువ్వొచ్చినంక ఇదైంది,” అన్నారు. ఆ తర్వాత, “రాసియ్యి. ఏం చెప్పినవో గదే రాసియ్యి,” అన్నారు.

పెట్రోలుతో కడిగి, తుడిచి, బిగించి, మిగిలిన నాలుగు తూటాలను రెండేసి చొప్పున కాల్చాను. రెండుసార్లూ బోల్టు వెనక నిలిచింది. తర్వాతి వారంలో మిగిలిన ముప్పై తొమ్మిదినీ విప్పాను. అన్నిట్లోనూ బొట్టు ఉంది. ఏడింటిలో అడ్డు బిగుసుకుని ఉంది. ఆ ఏడింటితో కాల్చిన వాళ్లకు ఖోకాలు పదీ దొరికాయి కాబట్టి, బోల్టు మూసుకున్న సంగతిని ఎవరూ పట్టించుకోలేదు.

ఐలయ్యను ఆ నెలాఖరుకు తిరిగి డ్యూటీలోకి తీసుకున్నారు. పదో ఖోకా ఎప్పటికీ దొరకలేదు. ఆయుధ సంరక్షణలో అజాగ్రత్త, పరీక్ష పూర్తి చేయకుండా సర్టిఫికెట్ ఇవ్వడం అన్న రెండు కారణాలు చూపి నాకు ‘సెన్షూర్’ ఇచ్చారు. అంటే సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో ఒక మందలింపు. దానివల్ల నా ప్రమోషన్ రెండేళ్లు వెనకబడింది. ఐలయ్య డ్యూటీలో చేరిన రోజు రైఫిల్ తీసుకోవడానికి వచ్చి, రిజిస్టర్‌లో సంతకం పెడుతూ, “బొట్టు కడిగినవా లైబ్రరీ అన్నా?” అన్నాడు. కడిగానన్నాను. అయినా నా ముందే పిడి లాగి చూసుకున్నాడు. మరుసటి దసరా నుంచి బొట్టు గది తలుపు తాళానికి పెట్టాం.

నేను నేర్చుకున్నవి రెండు. వేగంగా పనిచేసే యంత్రాన్ని నెమ్మదిగా నడిపి పరీక్షిస్తే, అది నెమ్మదిగా ఎలా నడుస్తుందో మాత్రమే తెలుస్తుంది. రెండోది, ‘పరీక్షించాను’ అన్న మాట ఎలా పరీక్షించామో చెప్పదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను రాసిన ప్రతి సర్టిఫికెట్‌లో ఆ మాటకు ముందు ఇంకొక మాట ఉంది. కొన్నింటిలో ‘చేత్తో’ అని, కొన్నింటిలో ‘కాల్చి’ అని.