తోడల్లుడి వెండి సెట్టు

చండ్రుగొండ వెంకటప్పయ్యకు మిరపతోటలు ఎన్ని ఉన్నా, ఊళ్లో పేరొచ్చింది మాత్రం వెండి బిళ్లల వల్లనే. బొంబాయి టంకశాల వాళ్లు స్మారక నాణేలు ఎప్పుడు విడుదల చేసినా ముందే డబ్బు కట్టి సెట్టు తెప్పించేవాడు. అంచులు పట్టుకుని తీయాలి, మెత్తటి గుడ్డ మీద పెట్టాలి. అద్దంలాంటి ఆ వెండి ముఖం మీద వేలు పడిందా, ఇల్లు పీకి పందిరేసేవాడు. భార్య పద్మావతమ్మను సైతం దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఆ పిచ్చిని తోడల్లుడు భద్రయ్యకు అంటించిందీ ఆయనే. ఖానాపురం హవేలిలో ఉండే భద్రయ్యకు నాణేనికీ చొక్కా గుండీకీ తేడా తెలియదు. అలాంటివాడు ఎనభై రెండులో ఆసియా క్రీడల వెండి సెట్టు దక్కించుకున్నాడు! మిర్చి కోతల హడావిడిలో గడువు మరిచిన వెంకటప్పయ్యకు అది దక్కలేదు. ఇంకేముంది, కడుపు భగ్గుమంది. నేర్పినవాడు నోట్లో వేలేసుకుని కూర్చోవాలట, నేర్చుకున్నవాడు ఊరేగాలట! ఆ సెట్టు చూసొచ్చిన ప్రతిసారీ కళ్లల్లో నిప్పులు పోసుకునేవాడు.

దీపావళికి రెండు కుటుంబాలూ ఖానాపురంలోనే లక్ష్మీపూజ చేసుకునేవి. ఎవరి వెండి వాళ్లు పళ్లెంలో పెట్టుకోవడం ఆనవాయితీ. కొన్నేళ్ల తర్వాత ఓ పూజకు ముందు మరదలు, భద్రయ్య భార్య నిర్మలాదేవి వెంకటప్పయ్యనే అడిగింది.

"బావా, మా బిళ్లలు జర మాసినట్టున్నయ్. మాసిన వెండి అమ్మవారి ముందు ఎట్ల పెడ్తం? కడగొచ్చా?"

తోమితే నాణెం నాశనమని వెంకటప్పయ్యకు తెలియదా? గీతలు పడి, ఆ అద్దపు మెరుపు మళ్లీ జన్మలో రాదని తెలియదా? అన్నీ తెలుసు మహానుభావుడికి!

"ఉత్తగ కడిగితే పోదు నిర్మలా. చింతపండు, బూడిద ఏసి గట్టిగ తోము" అన్నాడు.

పాపం, ఆమె నమ్మి అలాగే తోమింది. పూజలో రెండు పళ్లాలూ పక్కపక్కనే పెట్టారు. భద్రయ్య సెట్టు ఒళ్లంతా గీతలు పడిపోయింది. వెంకటప్పయ్య ప్రాణం లేచొచ్చింది.

కానీ వచ్చిన ఆడవాళ్లకు ఆ గీతలెక్కడ కనపడతాయి? "అబ్బ, భద్రయ్యగారి బిళ్లలు ఎంత తెల్లగున్నయో!" అని మురిసిపోయారు. ఏళ్లుగా గుడ్డ కూడా తగలక నల్లబడ్డ వెంకటప్పయ్య పళ్లెం చూసి ఒకావిడ, "గివేంది, సత్తు బిళ్లలా?" అంది. పద్మావతమ్మ సిగ్గుతో తలొంచుకుంది. భద్రయ్య మాత్రం, "అంతా అన్న చెప్పిన చిట్కానే!" అని పొంగిపోతూ అందరికీ చూపించాడు.

వెంకటప్పయ్య చెవుల్లో సీసం పోసినట్టయింది. తన పళ్లెం ఎత్తుకుని గబగబా పెరట్లోకి నడిచాడు.

"నిర్మలా, చింతపండు ఇంకేమన్న మిగిలిందా?"