ముద్ద ట్యూలిప్‌లకు దొరికిన టెర్మిన్

మొన్న మా పోస్టు డబ్బాలో ఒక రంగుల కరపత్రం పడింది. మా వీధి చివరి వృద్ధాశ్రమం వాళ్ళు వసంతం వచ్చిన సందర్భంగా ఆదివారం గేట్లు బార్లా తెరుస్తారట, ఊరంతా రావచ్చట, కాఫీ, కేకు పెట్టి వచ్చినవాళ్ళ చేతిలో తలా ఒక ట్యూలిప్ పెట్టి సాగనంపుతారట. చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కరోనా రోజుల్లో అదే గేటు బయట ట్యూలిప్ కుండీని చంటిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డదాన్ని నేను.

మేము జర్మనీలో వాల్డార్ఫ్ పక్కనున్న ఈ ఊరికి వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆ రోజులు చూసిన మీకు వేరే చెప్పక్కర్లేదు. వంటగది బల్ల మావారి ఆఫీసైంది, పడకగది మా అమ్మాయి బడైంది, మిక్సీ తిప్పాలన్నా ఇద్దరి అనుమతీ తీసుకోవలసివచ్చిన నేను బాల్కనీ పాలయ్యాను. అక్కడి నుంచి కిందికి చూస్తే కింది వాటా మామ్మగారి తోట. మామ్మగారంటే మనవాళ్ళు కాదు, ఎనభై దాటిన జర్మన్ ఆవిడ, భర్త పోయారు, పిల్లలు లేరు. నేను అలా పిలవడం మొదలుపెడితే అర్థం అడిగి తెలుసుకుని, తర్వాత ఆ పిలుపుకే పలికేవారు. ఆవిడకు పాలూ రొట్టే తెచ్చిపెట్టడంతో మొదలైన స్నేహం, ఆకులు రాలే కాలానికి ట్యూలిప్ గడ్డలు నాటిపెట్టే దాకా వచ్చింది.

ఆవిడకు కావలసినవి మామూలు ట్యూలిప్‌లు కావు. రేకు మీద రేకు కిక్కిరిసి మన ముద్దబంతిలా పూసేవి, ఊళ్ళో ట్యూలిప్‌లన్నీ రాలిపోయాక మే నెలలో తీరిగ్గా విచ్చుకునేవి. ఏటా కొత్త గడ్డలు నాటితేనే నిండుగా పూస్తాయని, పెళ్ళయిన నాటి నుంచి ఒక్క ఏడూ మానలేదని చెప్పారు. సంతలో గడ్డలు కొనే పని నాకు అప్పగించారు. ఖమ్మంలో మా నాన్నది కిరాణా కొట్టు, పక్కనే బాబాయిది బట్టల కొట్టు, ఎదురుగా మేనమామది ఇత్తడి సామాన్ల కొట్టు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు నడక కన్నా ముందు బేరం వచ్చిందంటారు. చెప్పిన ధరకు కొన్ననాడు తిన్నది అరగదు. ధర రాసిపెట్టి నోరు మూసుకోమనే ఈ దేశంలో కూడా, ఉల్లిగడ్డల్ని నొక్కినట్టు ఒక్కో గడ్డనీ నొక్కి చూసి, "ఇన్ని తీసుకుంటున్నాను, ఒక గుప్పెడు పైన వెయ్యకూడదా?" అని అడిగితే, మా అమ్మాయి "మమ్మీ, ఎంత పైన్‌లిష్!" అని సిగ్గుతో చచ్చిపోతూ దూరంగా వెళ్ళి, నేనెవరో తెలియనట్టు నిలబడేది.

మాస్కు కట్టుకుని కిటికీలోంచి మామ్మగారు ఆజ్ఞలు జారీచేస్తుంటే, మట్టిలో ఇసుక కలిపి, మొనలు పైకి ఉండేట్టు కొన్ని తోటలోనూ కొన్ని పెద్ద కుండీలోనూ పెట్టాను. పాపం చలి వేస్తుందని కుండీని లోపలికి తేబోతే కయ్యిమన్నారు, చలి తినకపోతే పూయవట. విచ్చుకున్నాక మాత్రం వాన తగలనివ్వద్దట, అన్ని రేకుల్లో నీళ్ళు నిలిస్తే కాడలు విరిగిపోతాయట. ఆ చలికాలమే ఆవిడ మంచు మీద జారిపడి, తుంటి ఎముక విరిగి, ఆసుపత్రి నుంచి తిన్నగా ఈ వృద్ధాశ్రమానికి చేరారు. ఎప్పుడు ఫోను చేసినా ఒకటే మాట, ఈ ఏడాది పూలు ఒక్కసారి చూడాలని.

నేను ఆశ్రమం మేనేజరమ్మకు ఫోను చేశాను. గదిలోకి తేవచ్చా అంటే కుదరదు, బంధువును కాను. వరండాలోకి అంటే కుదరదు. ముందు గది అడిగి గుమ్మం దగ్గర బేరం తెంచడం మాకు తెలిసిన విద్యే కదా, అలా దిగుతూ దిగుతూ తోటవైపు అద్దం తలుపు బయట పావుగంటకు ఒప్పించాను. మే రెండో వారంలో టెర్మిన్, అంటే ముందుగా రాసిపెట్టుకునే సమయం, ఇస్తానంది. ఆ తేదీ చెవిన పడగానే నాలోని కొట్టు మనిషి ఊరుకోలేదు. "అంత దూరమా? ఇంకాస్త ముందుకు చూడండమ్మా" అని సాగదీసి, ఏప్రిల్ ఆఖరుకు లాగి, ఫోను పెట్టేసి విజయగర్వంతో చెబితే మావారు లాప్‌టాప్ లోంచి తల ఎత్తి, "అది సరే, పువ్వుల్ని అడిగావా?" అన్నారు.

ఆ ఏప్రిల్ అంతా ఎముకలు కొరికే చలి. ఊళ్ళో మామూలు ట్యూలిప్‌లే అప్పుడప్పుడే విచ్చుకుంటుంటే మావి పచ్చటి పిడికిళ్ళు బిగించుకుని కూర్చున్నాయి. మళ్ళీ ఫోను చేసి, మీరు మొదట చెప్పిన రోజే ఇవ్వండి అన్నాను. ఏ కొట్టువాడైనా తాను చెప్పిన ధరకే కొంటానంటే ఎగిరి గంతేస్తాడు. ఈవిడ మాత్రం, "అది వేరేవాళ్ళకు ఇచ్చేశాం. ఇది వద్దంటే మళ్ళీ జూన్ ఆఖరుకే" అంది. పోనీ పూసినరోజు గేటు బయట రోడ్డు మీద నిలబడతాను, ఆవిడను కిటికీ దగ్గరికి తీసుకురండి, నా గాలి కూడా తగలదు మీకు అంటే, "మీ ఒక్కరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలి" అంది. ఒప్పుకుంటే ఏం పోయేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చేసేది లేక ఏప్రిల్ ఆఖరు టెర్మిన్‌కే వెళ్ళాను. అద్దానికి అవతల చక్రాల కుర్చీలో మామ్మగారు, ఇవతల నేనూ నా ఆకుపచ్చ మొగ్గలూ. ఆవిడ నవ్వి, కుండీ తిప్పమని వేలితో చూపించి, ఒక్కో మొగ్గనూ పరీక్షగా చూసి బాగున్నాయన్నట్టు తల ఊపారు. మొగ్గలైనా చూశారుగా, అదే చాలు అన్నారు తర్వాత చాలామంది. ఏం చాలు? ఆవిడ అడిగింది పూలు.

మేలో అవి విచ్చుకున్నాయి, గులాబీ రంగులో, ఒక్కోటి నా పిడికిలి కన్నా పెద్దగా. కుండీ ఎత్తుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. మేనేజరమ్మ కమ్మీల అవతల నిలబడి, టెర్మిన్ ఉందా అని అడిగింది. కనీసం కుండీనైనా లోపలికి తీసుకెళ్ళమని చినుకులు మొదలయ్యేదాకా వాదించి, కాడలు విరుగుతాయని కొంగు కప్పి తిరిగి వచ్చాను. ఇంటికొచ్చి మామ్మగారికి ఫోను చేస్తే, ఆవిడది బొమ్మలు కనబడని పాత ఫోను, రేకుల గురించి చెప్పడానికి నా జర్మన్ చాలలేదు. అప్పుడు మా అమ్మాయి క్లాసు మధ్యలో లేచివచ్చి ఫోను అందుకుని, ఒక్కో పువ్వునూ వేళ్ళతో తడుముతూ, అంచులు ఎలా ఉన్నాయో, లోపల రంగు ఎక్కడ పలచబడిందో ఆవిడకు చాలాసేపు చెప్పింది. మళ్ళీ గడ్డలు నాటే రోజులు రాకముందే మామ్మగారు పోయారు.

ఇప్పుడు కింది వాటాలో ఎవరో కుర్ర దంపతులు. తోట తీసేసి గులకరాళ్ళు పరిచారు, నీళ్ళు పోసే పని లేదట. అప్పటి నియమాలను ఎవరూ తలచుకోరు, అదంతా ఎప్పుడో కురిసి వెలిసిన వాన సంగతన్నట్టు మాట్లాడతారు. ఆ మేనేజరమ్మ శనివారాలు రొట్టెల దుకాణం వరుసలో ఎదురైతే అందరితోపాటు నాకూ చిరునవ్వుతో శుభోదయం చెబుతుంది. ఆ రోజుల్లో మాస్కు లేని నా ముఖం ఆవిడ ఎన్నడూ చూడలేదు మరి. నేను మాత్రం ఆ గొంతు ఎక్కడ విన్నా పోల్చుకోగలను. రొట్టె తీసుకుని, అది వినబడనంత దూరం వచ్చేదాకా వెనక్కి చూడకుండా నడుస్తాను.