అమ్మ దువ్విన తలలు

మా అమ్మ పోయిందన్న కబురు నాకంటే ముందు సిరిసిల్లలో వాడకట్టుకంతా తెలిసింది. జ్వరమని విని ఆమెను చూడటానికి నేను కోరుట్లలో బస్సెక్కాను. కథలాపూర్ దాటాక ఫోన్ మోగింది. జ్వరం తగ్గిందా అని అడిగేలోపే అవతల పద్మ ఏడుస్తూ, "అక్కా, అవ్వ పోయింది" అంది. మా దిక్కున అవ్వ అంటే కన్నతల్లి. పద్మ మా అమ్మకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. పక్క సందులో మరమగ్గాలు నడిపించే ఇంటి కోడలు. ఏడుపు రాకముందే నాకు ఒళ్లు మండింది. నా తల్లి కడసారి చూపు దానికి దక్కింది, పైగా అవ్వ అంటుంది.

మీతో అబద్ధం ఎందుకు? అమ్మ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు కుళ్లే వస్తోంది. మంచి మాటలు ఫాదర్ చర్చిలో చెప్పారు, మగ్గాల వాళ్లు సమాధుల దగ్గర చెప్పారు. ఆమెను ఊరందరితో పంచుకోవాల్సి వచ్చింది మాత్రం నేనొక్కదాన్నే.

అమ్మ దవాఖానలో ఆయాగా చేసేది. మంచాన పడ్డ ఆడవాళ్లకు ఇంటివాళ్లు మందులు వేస్తారు, అన్నం తినిపిస్తారు, జుట్టు మాత్రం ఎవరూ ముట్టుకోరని అక్కడే గమనించిందట. నెల తిరిగేసరికి అది ముద్ద కట్టి, పేలు పడి, చివరికి కత్తెర పెట్టాల్సి వస్తుంది. అందుకని డ్యూటీకి పోయేముందు ఒక ఇంటికి, వచ్చాక ఇంకో ఇంటికి పోయి తలలు దువ్వేది. చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ సంచి. అందులో కొబ్బరినూనె సీసా, చెక్క దువ్వెన, జపమాల. జపమాల ఎవరింట్లోనూ బయటికి తీసేది కాదు. చేతులకు నూనె ఉంటుంది కదా, మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం మనసులోనే చెప్పుకునేది, పెదాలు కొద్దిగా కదిలేవి. ఎవరైనా మెచ్చుకుంటే ఒకటే మాట అనేది. "నోట్లె బుక్క అందరు పెడతరు బిడ్డా. తల మీద చెయ్యి ఎవలు పెడతరు?"

బాగానే ఉంది. మరి నా తల?

నాకు ఏడేళ్లప్పుడు, పొద్దున రెండు జడలు వేసే తీరిక లేదని, తనే కత్తెర పట్టి మగపిల్లల క్రాపు చేసింది. ఊళ్లో ఎవరి జుట్టుకూ కత్తెర పెట్టనివ్వని మనిషి. నేను నేల మీద పడి ఏడుస్తుంటే, "నీకు నేనున్న గద. ఆమెకు ఎవలున్నరు?" అంది. ఆమె అంటే ఆ పొద్దున దువ్వించుకోబోయే ఎవరో ఒకావిడ. ఆ మాట తర్వాత వందసార్లు విన్నాను. నీకు నేనున్న అంటూనే చెప్పులు వేసుకునేది.

నేను మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్న రోజు పిల్లలందరికీ తెల్ల గౌన్లు, తెల్ల ముసుగులు. మిగతావాళ్ల ముసుగులు జడలకు పిన్నులతో బాగా నిలిచాయి. నాది పీఠం దాకా పోయేలోపు మూడుసార్లు జారింది. చివరికి ఒక సిస్టర్ దాన్ని చేత్తో పట్టుకుని నా వెంట నడిచింది. అమ్మ పూజ సగంలో వచ్చి పక్కన నిలబడింది. చేతుల నిండా కొబ్బరినూనె వాసన. ఇది ఎవరి తల నూనెనో అని సత్ప్రసాదం నోట్లో ఉండగానే తిట్టుకున్నాను. ఆ పాపం ఇప్పటిదాకా ఫాదర్ దగ్గర పాపసంకీర్తనంలో చెప్పుకోలేదు.

పద్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడాది వాళ్ల అత్త పక్షవాతంతో మంచాన పడింది. అమ్మ మూడు నెలలు ఆమె తల దువ్వింది. పద్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది. అత్త లేచి నడిచింది. నడిచి ఏం చేసింది? కొండగట్టుకు పోయి, మొక్కు ఉందని తలనీలాలు ఇచ్చి, గుండుతో మా ఇంటికి ప్రసాదం తెచ్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇప్పుడైనా అమ్మ మొహం మాడుతుందని ఎదురుచూశాను. అమ్మ ప్రసాదం రెండు చేతులా అందుకుని తిని, గుండు మీద గంధం వెనక సరిగ్గా అంటలేదని తన చేత్తో సవరించింది. "ఆమె జుట్టు ఆమె దేవునికి ఇచ్చుకున్నది. నాది దువ్వుడే" అని నవ్వింది.

పెళ్లయి కోరుట్లకు వచ్చాక పంతానికి జుట్టు పెంచాను. నడుము దాటింది. పుట్టింటికి పోయినప్పుడల్లా విప్పుకుని అమ్మకు వీపు పెట్టి కూర్చునేదాన్ని. నాలుగుసార్లు దువ్వి, "మంచిగున్నది బిడ్డా, చిక్కే లేదు. నీకు నేనెందుకు?" అని లేచేది. కాసేపటికి సంచి పట్టుకుని బయల్దేరేది.

ఆ రోజు నేను చేరేసరికి ఇంటినిండా ఆడవాళ్లే. అమ్మకు స్నానం చేయించి తెల్ల చీర కట్టారు. తల దువ్వడానికి పద్మ సంచిలోంచి దువ్వెన తీస్తే చేతిలోంచి లాక్కున్నాను. ఇన్ని తలలు మీకు పోయాయి, ఈ ఒక్క తల నాది అనుకున్నాను. తడి జుట్టు. మాడు మీద దువ్వెన పెట్టి కిందికి గుంజాను. చిక్కులో ఇరుక్కుంది. ఇంకా గట్టిగా గుంజి నడిమి పాపిడి తీయబోయాను.

పద్మ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, పాపిడ గక్కడ తియ్యకు. గక్కడ అవ్వకు నొస్తది."

పోయిన మనిషికి నొప్పేమిటని అక్కడ ఎవరూ అనలేదు. వేళ్లతో తడిమితే పాత గాయం మచ్చ గట్టిగా తగిలింది. ఎప్పటిదో నాకు తెలియదు. రెండేళ్లుగా అమ్మకు కుడిచెయ్యి తన తల దాకా లేవడం లేదని, అప్పటినుంచి పద్మే వచ్చి దువ్వుతోందని అప్పుడే తెలిసింది. నా వంతు ఎప్పుడొస్తుందా అని ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను గానీ, తిరిగి ఆమె తల చూడలేదు. సిగ్గేసింది. సిగ్గుతో పాటు పద్మ మీద కుళ్లు కూడా.

దువ్వెన ఇచ్చేశాను. పద్మ ఎడమ పిడికిలితో జుట్టును మధ్యలో పట్టుకుని, కొసల నుంచి కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. అట్లా పట్టుకుంటే గుంజుడు మాడు దాకా పోదట. అమ్మ నేర్పిందట. పక్క పాపిడి తీసి ముడి వేసింది. అమ్మ మళ్లీ అమ్మలాగా కనబడింది.

ఏడో రోజు పూజ దాకా నేను తల దువ్వుకోలేదు. చుట్టాలు దుఃఖం అనుకున్నారు. దుఃఖమే. కానీ చిక్కు లేకపోవడం వల్ల నేను పోగొట్టుకున్నది నాకు గుర్తుంది. పూజ అయ్యాక పద్మ ఆ గుడ్డ సంచి తెచ్చి, నీకే చెందాలి అక్కా అని చేతిలో పెట్టబోయింది. నేను తీసుకోలేదు. గడప మీద ఆమెకు వీపు పెట్టి కూర్చుని జుట్టు విప్పాను.

ఆమె సంచి విప్పి నా వెనక కూర్చుంది. పక్క సందులో మగ్గాలు ఆడుతున్నాయి. నూనె చల్లగా తగిలింది, వెనక ఎడమ పిడికిలి బిగిసింది, దువ్వెన కొసల నుంచి మొదలైంది. అంత చిక్కులోనూ మాడుకు ఏమీ తెలియలేదు. ఇన్నేళ్లూ వాళ్లందరికీ దొరికింది ఇదా అనుకున్నాను. కుళ్లు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

చాలాసేపటికి పద్మ, "అయిపోయింది అక్కా. ఇగ చిక్కు లేదు" అంది.

"ఇంక ఉన్నది" అన్నాను. "మల్ల చూడు."